చారిత్రక నవలయు ఈ-పుస్తకమును

మేము కొందరము మిత్రులము మాసమున కొకమారు కూడి, చదివిన గ్రంథములను గూర్చి మాటలాడుకొనుచుందుము. ఈ మాసమున ఎవరికి ప్రియమైన చారిత్రక నవలను వారు తెచ్చి, అది యేల ప్రియమైనదో చెప్పి, పిదప దానిని ప్రక్కవారికి చదువ నీయవలెనని నియమము చేసికొంటిమి. ఒకరు అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డిని, ఒకరు విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీరను, ఇంకొకరు నోరి నరసింహశాస్త్రిగారి నారాయణభట్టును తెచ్చిరి. ఒక సోదరి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి హేమలతను తన ఫోనులో తెచ్చినది. ప్రక్కనున్న పెద్దలు పుస్తకమునకై చేయి చాపగా, ఆమె "మాస్టారూ, ఒక్క క్షణములో మీ ఫోనునకు పంపెదను" అన్నది. "అది పుస్తకము కాదమ్మా, పుస్తకపు నీడ" అని ఆయన నవ్వెను. అంతటితో నవలల మాట వెనుకబడి, కాగితము మేలా తెర మేలా యను వివాదము ముందునకు వచ్చినది.

ఇరుపక్షముల వాదములును వినసొంపుగనే యుండెను. అచ్చుపక్షమువారు కాగితపు వాసనను, బీరువాలోని వరుసలను, మొదటి పుటమీద తండ్రిగారు చేసిన చేవ్రాలును పొగడిరి. తెరపక్షమువారు వేయి గ్రంథములు అరచేత ఇముడుటను, చెదపురుగు భయము లేకుండుటను, అర్ధరాత్రమున సయితము కోరిన పుస్తకము దొరకుటను కొనియాడిరి. కాని యీ గుణదోషములన్నియు వంటపుస్తకమునకును, రైళ్ల కాలపట్టికకును గూడ వర్తించును. చారిత్రక నవల తన పాఠకునికడకు చేరునపుడు పుస్తకమునుండి ప్రత్యేకముగ ఏమి కోరును? ఈ ప్రశ్నను మాలో నెవరును అడుగలేదు. దీనికి సమాధానము చెప్పుకొన్నగాని కాగితమును, తెరను సరిగ తూచుటకు వీలు కలుగదు.

చారిత్రక నవల ఎరవు సొమ్ముతో వ్యాపారము చేయు కృతి. సాంఘిక నవలాకారునికి మూలధన మంతయు తన అనుభవమే. చారిత్రక నవలాకారుడో, రాజుల పేరులు, యుద్ధముల తేదీలు, నగరముల వైభవము చరిత్రనుండి ఎరవు తెచ్చుకొని, ప్రేమను, సంభాషణను, హృదయమును తన ఇంటినుండి చేర్చును. ఇందు దోష మేమియు లేదు. 1814లో వేవర్లీని ప్రకటించిన వాల్టరు స్కాటు చేసిన దదియే; 1865లో దుర్గేశనందినిని వెలువరించిన బంకించంద్రుడు చేసిన దదియే. కాని యెరవు తెచ్చిన వర్తకుడు లెక్కపుస్తకము చూపవలయును గదా! చరిత్ర యెంత, కల్పన యెంత యను లెక్కను పాఠకునికి చూపు స్థలములు పీఠికయు, అనుబంధమును, వంశవృక్షమును, దేశపటమును. సాంఘిక నవలకు పీఠిక అలంకారము కావచ్చును. చారిత్రక నవలకు అది అంగము.

మన తొలి చారిత్రక నవలల కాలమును తలచుకొన్నచో ఈ మాట స్పష్టపడును. 1890ల యందు చింతామణి పత్రిక నవలలకు బహుమతులు ప్రకటించి రచయితలను పురికొల్పినది. ఆ పూనికయందు పుట్టి 1896లో వెలువడిన హేమలతకు రంగము చితూరు; కాలము అల్లాఉద్దీను దండయాత్ర. ఆ తరమువారికి టాడ్ దొర 1829-32 నడుమ ప్రకటించిన రాజస్థాన చరిత్రమే గని. కాని టాడ్ దొర గ్రంథమున చారణులు పాడిన గాథలు మెండు. తరువాతి చరిత్రకారులు వానినన్నిటిని చరిత్రగ అంగీకరింపలేదు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రగ్రంథములతోపాటు, కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము వంటి చారిత్రక నవలలకును ఆశ్రయమిచ్చినది. అప్పటికి తెలుగువానికి తన దేశచరిత్ర తన భాషలో దొరకుట దుర్లభము. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము తొలిభాగము 1910లో గాని వెలువడలేదు. కావున మన పూర్వులకు నవలయే చరిత్ర పాఠశాల యయ్యెను.

ఆ పాఠశాల మేలు చేసినది. కీడును చేసినది. పరాధీనమై తలవంచుకొన్న జాతికి తన పూర్వవైభవమును జ్ఞప్తికి దెచ్చుట మేలు. నవలలోని కల్పనను శాసనముతో సమానముగ విశ్వసించు అలవాటు నేర్పుట కీడు. ఆ కీడు నేటికిని తీరలేదు. నేడు ఒక్కొక్క చరిత్రపురుషుని తమ కులమునకో, ప్రాంతమునకో, మతమునకో పంచుకొని కలహించువారిని చూడుడు. వారిలో అనేకులు శాసనపాఠము నెన్నడును చూచినవారు కారు. నవలనో, చలనచిత్రమునో చూచి, అదియే జరిగినదని నమ్మినవారు. కావున చారిత్రక నవల యే రూపమున పాఠకునికి చేరుచున్నదో విచారించుట కేవలము అభిరుచికి సంబంధించిన విషయము కాదు.

ఇక మా మిత్రులు తెచ్చిన నవలలనే పరీక్షింతము. గోన గన్నారెడ్డి గుణము దాని వర్ణశోభ. బాపిరాజుగారు చిత్రకారులు, ఓరుగల్లు కోటను, దేవాలయమును, నృత్యమును, ఆభరణమును కుంచెతో రచించినట్లు వ్రాసిరి. లోపము కూడ నా వర్ణములోనే యున్నది: నాయకులందరును సుందరులు, నాయికలందరును సుకుమారులు, కథ నడువవలసిన చోట కన్ను నిలిచిపోవును. చరిత్ర మాట యేమి? పైకి తిరుగుబాటుదారుగ దోపిడులు సాగించుచు, లోలోపల రుద్రమదేవికి అండగ నుండు గన్నారెడ్డి ఈ నవలకు ప్రాణము. ఆమె రాజ్యారంభము 1262 ప్రాంతము. రాయచూరు కోట శాసనము గన్నారెడ్డి పేరును, ఆయన అధికారియగు విఠలుని పేరును తెలుపుచున్నది. దాని కాలము 1294. నడుమ ముప్పదియేండ్లకు పైబడిన దూరమున్నది. ఆ దూరమును దాటించినది కవి కల్పన. అది యాతని హక్కు. కాని హక్కును వినియోగించుకొన్న సంగతి పాఠకుడు తెలిసికొనవలయును.

మఱియు చరిత్రయే మారుచుండును. మార్కోపోలో మాటను పట్టుకొని ఒకప్పుడు కొందరు చరిత్రకారులు సయితము రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగ భావించిరి. ఆమె కూతురని శాసనములు నిశ్చయించినవి. ఆమె 1295 ప్రాంతమువరకు రాజ్యమేలినదని పూర్వులు వ్రాసిరి. చందుపట్ల శాసనము వెలుగులోనికి వచ్చిన పిమ్మట ఆమె మరణము 1289లోనే జరిగినదని తేలినది. నవల మారదు, మార్పనును గూడదు. కాని దాని ప్రతి క్రొత్త కూర్పునందును ఇట్టి విషయములు తెలుపు రెండు పుటల అనుబంధ ముండవలదా? బాపిరాజుగారి గౌరవమునకు దానివలన లోపము రాదు. పాఠకుని జ్ఞానమునకు మాత్రము లాభము కలుగును.

ఏకవీర వేఱొక జాతి రచన. మధుర నాయకరాజుల కాలము దానికి రంగస్థలపు వెనుకతెర మాత్రమే. ఎవరి మనసు ఎవరిపై నున్నదో యెఱుగక, ఇద్దరు స్నేహితులు ఒకరు వలచిన కన్యను ఒకరు పెండ్లాడుటయు, ఆ ముడి విప్పలేక నలుగురును నలిగిపోవుటయు దానిలోని కథ. "దీనివలన నీకేమి చరిత్ర తెలిసినది?" అని యడిగినచో సమాధానము స్వల్పము. "ధర్మమునకును హృదయమునకును పోరు వచ్చినపుడు మనుష్యుడేమగును?" అని యడిగినచో సమాధానము గంభీరము. ఈ నవలకు చరిత్ర టిప్పణముకంటె శుద్ధపాఠ మవసరము. విశ్వనాథవారి వాక్యమున ఒక్క యక్షరము తారుమారైనను అర్థము తప్పి, ధ్వని చెడును.

నారాయణభట్టు మూడవ జాతికి చెందినది. రాజరాజనరేంద్రుని కాలమున, నన్నయభట్టునకు భారతరచనయందు తోడ్పడిన నారాయణభట్టునుగూర్చి మనకు లభించు ప్రధానాధారము నందంపూడి శాసనము. 1053 ప్రాంతమున ఆయనకు అగ్రహారమిచ్చిన దానపత్రమది. దానిని రచించినవాడు నన్నయభట్టే. ఆయన పెక్కుభాషలలో కవిత్వము చెప్పగలవాడని అందున్నది. ఆ కొలది పంక్తులనుండి శాస్త్రిగారు ఒక నిండుమనుష్యుని, ఒక నిండుకాలమును నిర్మించిరి. కథ మందగమనము కలది. సంభాషణము తరచు శాస్త్రచర్చయగును. అయినను, శిల నెక్కడ విడిచి గాలిలోనికి లేచెనో పోల్చుకొనగల పాఠకుని కీ నవల యిచ్చు ఆనందము అపూర్వము. శాసనమును ప్రక్కన పెట్టి చదివినపుడే ఆ యానందము సంపూర్ణము.

కావున చారిత్రక నవల తన పుస్తకమునుండి కోరునవి రెండు. ఒకటి: పీఠికతో, టిప్పణముతో, కూర్పు సంవత్సరముతో, శుద్ధపాఠముతో సమగ్రముగ నుండవలయును. రెండు: చేయి మారగలిగి యుండవలయును. ఏలయన, చారిత్రక నవల యొంటరి పఠనముతో ముగియదు. "ఇది నిజముగ జరిగినదా?" అని వేఱొకని నడుగవలెనని చదివినవానికి తోచును, ఆ రెండవవాడు అదే పుస్తకమును చదివిన గాని సమాధానము చెప్పజాలడు. కల్పనను చరిత్రయని నమ్ము భ్రాంతికి స్నేహితుల చర్చకంటె మంచి మందు లేదు. ఆ చర్చకు చేయి మారిన పుస్తకమే యాధారము.

ఈ రెండు కొలతలతో మొదట తెరను తూచుదము. తెర చేసిన యుపకారము సామాన్యము కాదు. తెలుగువారైన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకములను కంప్యూటరున కెక్కింపవలెనని తలపెట్టిన మహోద్యమముతో ముడిపడి మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. గ్రంథాలయపు మూలలలో పొడియై రాలుచుండిన తెలుగు పుస్తకములు వేలకొలది దానియందు పుటపుటయు చిత్రములైనవి. కొన్నియేండ్లకు ఆ భాండాగారపు ద్వారము మూతపడినను, ప్రతులలో పెక్కులు ఇంటర్నెట్ ఆర్కైవున నిలిచినవి. ముద్రాపకులు మరచిన నవలను తెర బ్రదికించినది. డల్లాసులోని తెలుగు విద్యార్థికిని, డోర్నకలులోని విద్యార్థికిని నేడది సమానముగ అందుబాటున నున్నది.

ఇంకొక యుపకారము దీనికంటె గొప్పది. చిలకమర్తివారికి చిన్ననాటినుండియు చూపు మందము. కడకు అదియును పోయినది. ఇతరులు చదువగా విని, తాము చెప్పి యొరులచే వ్రాయించి, ఆ మహనీయుడు సారస్వతసేవ సాగించెను. అట్టివారికి నేడు తెర అక్షరమును కోరినంత పెద్దది చేయును; పాఠము అక్షరరూపమున నున్నచో పైకి చదివియు వినిపించును. అచ్చుపుస్తకము చదువజాలనివారి కొరకు 2013లో కుదిరిన మరకేషు ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందుగ ధ్రువపరచినది భారతదేశమే. తెరను పుస్తకపు నీడ యనువారు ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను. చూపు తగ్గిన పాఠకునికి తెరయే పుస్తకము, కాగితమే నీడ.

అయినను తెర లోపములును చిన్నవి కావు. ఆ పుటచిత్రములలో తలపత్రము లేనివి, నడుమ పుటలు తప్పినవి, వంకరగ పడినవి కలవు. తెలుగు పుస్తకముల పేరులను రోమను లిపిలో తోచినట్లు వ్రాయుటచేత, ఉన్న పుస్తకమే వెదకువానికి లేనిదగుచున్నది. యంత్రము అచ్చును చదివి అక్షరముగ మార్చునపుడు ప వ యగును, మ య యగును. తెలుగు వికీసోర్సునందు కొందరు నిస్స్వార్థులు పంక్తిపంక్తియు సరిదిద్దుచున్నారు గాని, వారు కొలదిమంది. ఇక ఒకరినుండి యొకరికి ఫోనులలో పోవు పీడీఎఫులలో పీఠిక లేక, సంవత్సరము లేక, ఒక్కొక్కచో రచయిత పేరును లేక కథ మాత్రమే మిగులుచున్నది. అనగా లెక్కపుస్తకము చించి, సరకు మాత్రము పంచిపెట్టుటయే. చారిత్రక నవలకు ఇంతకుమించిన అపచారము లేదు.

చేయి మారుట విషయమున, ధరపెట్టి కొను ఈ-పుస్తకము మఱింత లోపభూయిష్ఠము. మన మక్కడ కొనునది పుస్తకము కాదు, చదువుకొను అనుమతి మాత్రమే. 2009లో అమెజాను సంస్థ, ప్రకటించినవానికి హక్కు లేదను కారణముచేత, జార్జి ఆర్వెల్ నవలలు రెంటిని కొన్నవారి కిండిల్ యంత్రములనుండి వారికి తెలియకయే తొలగించినది. పిమ్మట క్షమాపణ చెప్పుకొన్నది. 2019లో మైక్రోసాఫ్టు తన పుస్తకశాలను మూసినపుడు సొమ్ము తిరిగి యిచ్చినది గాని, పుస్తకములు పాఠకులయొద్ద నిలువలేదు. ఏ పుస్తకవిక్రేతయు రాత్రి మన యింట జొరబడి, బీరువాలోని నవలను తీసికొని, ధర బల్లమీద పెట్టి పోలేదు గదా! 2016లో అమెజాను కిండిలునందు హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ గ్రంథములను ప్రారంభించినపుడు ఆ పట్టికలో తెలుగు లేకపోయెను. కోట్లకొలది జనులు మాటలాడు భాషకు ఇట్లు వాకిట నిలువవలసి వచ్చుట మన ప్రచురణకర్తల యుదాసీనతను గూడ ప్రశ్నించుచున్నది.

ఇట్లని కాగితమును మెచ్చి యూరకుండుటకును వీలులేదు. అచ్చుపుస్తకము ఎరవీయవచ్చును, నిజమే. కాని యిచ్చుచున్నామా? ఎరవిచ్చిన పుస్తకము తిరిగి రాదను భయముచేత బీరువాకు తాళము వేసి, అద్దములోనుండి చూపుచున్నాము. మన పునర్ముద్రణములను విప్పి చూడుడు: తొలికూర్పు సంవత్సరము లేనివి కలవు, రచయిత వ్రాసిన తొలిపీఠికను తీసివేసి, దాని స్థానమున ప్రచురణకర్త మిత్రుల ప్రశంసలు చేర్చినవి కలవు, అచ్చుతప్పులు తొలికూర్పునకంటె హెచ్చినవి కలవు. ఇట్టి ముద్రణము కాగితముపై నున్నంతమాత్రమున గౌరవార్హము కానేరదు. తెరమీది తప్పును రేపు దిద్దవచ్చును. కాగితముమీది తప్పు, ప్రతులన్నియు చెల్లువరకు చిరంజీవి.

కాబట్టి కాగితమా తెరయా యను ప్రశ్నయే పొరపాటు ప్రశ్న. సమగ్రమైన పుస్తకమా, తలయు తోకయు తెగిన పుస్తకమా? చేయి మారు పుస్తకమా, తాళములోని పుస్తకమా? ఇవి నిజమైన ప్రశ్నలు. ఈ కొలతకు నిలిచినది కాగితమైనను మేలే, తెరయైనను మేలే. నిలువనిది యేదైనను త్యాజ్యమే.

ఇక చేయదగిన పనులు. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములకు గ్రంథము సర్వజన సొత్తగును. 1946లో గతించిన చిలకమర్తివారి కృతులు, 1952లో గతించిన బాపిరాజుగారి కృతులు ఇప్పటికే మనయందరివి. విశ్వనాథవారు 1976లో గతించిరి గాన, వారి గ్రంథములకు హక్కు 2036 అంతమువరకు కలదు. స్వేచ్ఛ కలిగిన నవలలనైనను విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలును, చరిత్రశాఖలును కలసి, తొలికూర్పుతో సరిపోల్చి, శాసనాధారములను తెలుపు చిన్న అనుబంధము చేర్చి, ఒకేమారు కాగితముమీదను తెరమీదను ప్రకటింపరాదా? ఒక్కొక్క నవల ఒక్కొక్క పరిశోధక విద్యార్థికి ఏడాదిపని; భారమైన పని కాదు.

గ్రంథాలయములకును ఇందు పాత్ర కలదు. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును నెలకొల్పినవారు, 1935లో గుంటూరు మండలమున కాలువమీద పడవలో పుస్తకములు పేర్చి పల్లెపల్లెకు త్రిప్పినవారు, పుస్తకము పాఠకుని వెదకికొని పోవలెనని యెఱిగినవారు. ఆనాటి పడవకు నేటి రూపము తెర కావచ్చును. కాని పడవలో ఎక్కించినది చిరుగని పుస్తకము. దానిని దింపుకొన్నవాడు చదివి, పొరుగువాని కీయగలిగెను. నేటి పడవయందును అదే నియమము చెల్లవలయును.

చదువరులమైన మనవంతు మిక్కిలి సులభము. చారిత్రక నవలను తెరచినపుడు మొదట పీఠిక చదువుదము. అది లేనిచో ఏల లేదని ప్రచురణకర్తను అడుగుదము. మిత్రునికి ఫోనులో పుస్తకము పంపునపుడు తలపత్రముతో, సంవత్సరముతో, పీఠికతో పంపుదము. బీరువా తాళము తీసి, ఏడాదికి నాలుగు పుస్తకములైనను ఎరవిత్తము. వానిలో ఒకటి తిరిగి రాకపోయినచో, అది యెక్కడనో మఱియొకరిచే చదువబడుచున్నదని సంతోషింతము.